మేం పోసిన గిటారు, మాస్టారి చెయ్యి

మా ఆయనకు విజయవాడ ఆటోనగర్‌లో చిన్న పోత షెడ్డు ఉండేది. పాత పిస్టన్లు, పగిలిన గేర్‌బాక్సు తొడుగులు కొనుక్కొచ్చి, కరిగించి, ఇసుక అచ్చుల్లో పోసి పంపుల భాగాలూ పుల్లీలూ తయారుచేసేవారు. పెళ్ళయిన కొత్తలోనే నాకు ఆ షెడ్డంటే భయం పట్టుకుంది. కరిగిన అల్యూమినియం ఇనుములాగా ఎర్రగా మండుతూ కనబడదు. పైన మీగడ కట్టిన పాలలా తెల్లగా, ఏమీ ఎరగనట్టు కదులుతూ ఉంటుంది. అచ్చు ఇసుకలో చెమ్మ కాస్త ఎక్కువైందంటే ఆవిరి తన్నుకొచ్చి ఆ లోహాన్ని మనిషి మీదికి చిమ్ముతుంది. ముసురు పట్టిన రోజున ఆయన షెడ్డుకు బయల్దేరితే, తిరిగి వచ్చి సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినేదాకా నాకు ముద్ద దిగేది కాదు.

తొంభైల మొదట్లో గుడివాడ నుంచి ఒక డ్రాయింగు మాస్టారు మా షెడ్డుకు వచ్చారు. బళ్ళో పాఠాలు చెబుతూ, పెళ్ళిళ్ళ సీజన్లో ఆర్కెస్ట్రాలో హవాయి గిటారు వాయించేవారు. ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జార్చుతూ వాయించే గిటారు అది. తన గిటారుకి ఒక ఇత్తడి ముక్క పోయించుకుందామని వచ్చి, మాటల్లో గోడు చెప్పుకున్నారు.

"చెక్క కదండీ, మన చెమ్మకి ఆగట్లేదు. పాట మొదట్లో ఉన్న శ్రుతి చరణానికొచ్చేసరికి ఉండట్లేదు."

"అల్యూమినియంతో మొత్తం ఒకే ముక్కగా పోసేస్తే వంగదుగా మాస్టారూ!" అన్నారు మా ఆయన నవ్వుతూ.

మాస్టారు నవ్వలేదు. "పోస్తారా భాయ్?" అని అడిగారు.

మా ఆయనకు చిన్నప్పటినుంచీ ఆ గిటారంటే పిచ్చి. రేడియోలో సినిమా పాటల్ని మాటల్లేకుండా దాని మీద వాయిస్తుంటే, ఏడుపు ఆపుకుని మాట్లాడుతున్న మనిషిలా ఉంటుందనేవారు. ఆ రాత్రి అన్నం తింటూ తింటూ ఎంగిలి చేత్తోనే నేలమీద గిటారు బొమ్మ గీశారు.

అందులో నాకూ పని పడింది. వన్‌టౌన్‌లో మా నాన్నకు మోటార్లు వైండింగు చేసే కొట్టు ఉండేది. చిన్నప్పటినుంచీ రాగితీగ చుట్టడం నా చేతికి అలవాటు. తీగల కదలికను పట్టుకుని ఆంప్లిఫయర్‌కి అందించే పికప్పు కూడా, చూస్తే, అయస్కాంతాల చుట్టూ చుట్టిన రాగితీగే. కాకపోతే వెంట్రుకకన్నా సన్నంది. దాన్ని నా కుట్టుమిషను మీద, బాబిన్‌కి దారం ఎక్కించే చక్రానికి తగిలించి చుట్టాను. ఊపిరి కాస్త గట్టిగా వదిలినా తెగిపోయేది. తెగితే మళ్ళీ మొదటికే.

మొదటి పోత రోజు నేనూ షెడ్డుకు వెళ్ళాను. పొడుగాటి అచ్చు. లోహం మధ్యలో ఆగితే ముక్క రెండుగా వస్తుందని గబగబా పోస్తున్నారు. ఒక మూల నుంచి బుస్సుమని ఆవిరి లేచింది. తుంపర ఒకటి ఎగిరి ఆయన మోకాలి కింద పడింది. ఆయన కదల్లేదు. పళ్ళు బిగించి కరిగించిన మూసలో ఉన్నదంతా పోసేశాకే పట్టకారు కింద పెట్టారు. నేను నీళ్ళు తేబోతే, "నీళ్ళు ఇటు తేవద్దు!" అని అరిచారు. చెంబు గుమ్మం బయటే పెట్టేశాను.

చల్లారాక ఆకురాయితో అరగదీసి, మెరుగుపెట్టి, తీగలు కట్టారు. మోగింది. కానీ వెనకాల గుయ్యిమని ఒకటే రొద. చేత్తో గిటారును ముట్టుకుంటే రొద తగ్గేది. వైండింగు కొట్లో పెరిగినదాన్ని గనక నాకు అర్థమైంది. గిటారు ఒళ్ళంతటినీ ఒక తీగతో ఆంప్లిఫయర్ ఎర్త్‌కి కలిపేస్తే ఆ గోల పోతుంది. నేనే సోల్డరింగు చేసి అతికించాను. రొద చటుక్కున ఆగిపోయింది. మాస్టారు వచ్చి వాయించి చూసి, "నేను కడ్డీ తీసేదాకా నాదం చావట్లేదు చూడండి!" అన్నారు మురిసిపోతూ. చావు అన్న మాట ఆయన నోట్లోంచి అలా రావడం ఆ రోజు నాకు అసలు పట్టలేదు.

ఆ తర్వాత ఇంకొందరు అడిగారు. ఎవరి ఒడిని బట్టి వాళ్ళకు పోసేవాళ్ళం. మా ఆయన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, మోకాళ్ళ మధ్య ఎడం కొలుచుకుని, ఇసుకలో అచ్చు తియ్యడానికి చెక్క ప్యాటర్ను చెక్కించేవారు. మంగళగిరిలో చర్చిలో వాయించే ఒకాయన ఎనిమిది తీగలది కావాలన్నారు. ఇంకొకాయన బస్సుల్లో తిరుగుతాను, పొట్టిగా ఉండాలన్నారు.

రెండేళ్ళు అలా గడిచాయి. వానాకాలం ముగింపులో ఒక పొద్దున, మా వీధి చివర కిరాణా కొట్టుకు ఫోనొచ్చింది. కొట్టాయన నన్ను కేకేశాడు. అవతల గొంతు ఎవరిదో తెలియలేదు. వెనక వాన చప్పుడు.

"గుడివాడ నుంచండీ. రాత్రి పెళ్ళిలో మీ గిటారు షాక్ కొట్టిందండీ. మాస్టారు పడిపోయారు."

"ఎలా ఉన్నారండీ? హలో! ఎలా ఉన్నారు?"

లైను తెగిపోయింది. మళ్ళీ వస్తుందని అక్కడే నిలబడ్డాను. రాలేదు.

మా ఆయనకు చెబితే చొక్కా వేసుకుని బయల్దేరారు. నేనూ వెంట నడిచాను. బస్సు కంకిపాడు దాటింది. పక్కన బందరు కాలవ నిండుగా, బురదరంగులో పోతోంది. నా కళ్ళకు మాత్రం ఆ సోల్డరింగు చుక్క తప్ప ఇంకేమీ కనబడటంలేదు. గిటారు అడుగున, లోపలివైపు, చింతగింజంత మెరిసే చుక్క. గిటారు ఒళ్ళంతటినీ ఆంప్లిఫయర్‌తో కలిపింది అదే. కరెంటు వచ్చి ఉంటే ఆ దారినే వచ్చి ఉండాలి.

ఉయ్యూరులో బస్సు ఆగినప్పుడు మా ఆయన నెమ్మదిగా అన్నారు. "నువ్వు ఇక్కడ దిగి వెనక్కి వెళ్ళిపో. ఆయనకేదైనా అయితే వాళ్ళవాళ్ళు ఊరుకోరు. ఏం జరిగినా నేను పడతాను."

"ఆ తీగ అతికించింది నేను. మీరొక్కరే వెళ్ళి ఏం చెబుతారు?"

"ఏం చెప్పాలో నాకూ తెలీదు," అన్నారు.   మా ఇద్దరికీ ఇంకో భయం కూడా ఉంది, పైకి అనుకోలేదు. మా ముస్లిం పేరు వినగానే ముఖం మారిపోయేవాళ్ళు ఆ రోజుల్లో కొందరు తయారయ్యారు. మాస్టారు మా గిటారు వల్ల పోయారంటే, ఆ మాట ఎటు తిరిగి ఎటు పోతుందో ఎవరికి తెలుసు?

గుడివాడలో రిక్షా దిగి మాస్టారి వీధి మలుపు తిరిగాం. వాళ్ళ గేటు ముందు చెప్పుల గుట్ట. అరుగు మీద మగవాళ్ళు తలలు వంచుకుని కూర్చున్నారు.  మా ఆయన గేటు ఊచ పట్టుకుని ఆగిపోయారు. లోపలికి అడుగుపెట్టే ధైర్యం ఇద్దరికీ లేదు.

మాస్టారి భార్య బయటికొచ్చారు. నా కళ్ళు ముందుగా ఆవిడ నుదుటి మీదికే పోయాయి. బొట్టు ఉంది. 

"లోపల పడుకున్నారు. పొద్దున్నే ఆస్పత్రి నుంచి తీసుకొచ్చాం," అన్నారావిడ. "పోయారనుకుని వచ్చారా? నేనూ అట్లాగే అనుకున్నానమ్మా, రాత్రంతా."

మాస్టారు మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నారు. ఎడమ చేతికి మణికట్టు దాకా కట్టు. ముఖంలో నెత్తురు లేదు. ఆర్కెస్ట్రాలో తబలా ఆయన పక్కనే కూర్చుని జరిగింది చెప్పాడు. పందిరి కారుతోంది. స్టేజి మీద పరిచిన జంపఖానాలన్నీ తడిసిపోయాయి. మాస్టారు ఎడమచేత్తో కడ్డీ తీగల మీదే ఉంచి, కుడిచేత్తో మైకు స్టాండు దగ్గరికి లాక్కోబోయారు. అంతే, రెండు చేతులూ అతుక్కుపోయాయి.

"కేక కూడా రాలేదండీ. పాట మధ్యలో ఒక్కటే స్వరం అలా సాగిపోతుంటే, బాగా తీస్తున్నాడనుకున్నాం. మొహం చూశాక తెలిసింది. నేను చెక్క కుర్చీ ఎత్తి తోసేశాను."

మా ఆయన గిటారు చూపించమన్నారు. వసారా మూలన గోనెపట్టా కప్పి పెట్టారు. ఇంట్లోవాళ్ళు దాని పక్కనుంచి నడవడానికి కూడా జంకుతున్నారు, పట్టా కింద పాము ఉన్నట్టు. ఆయన విప్పి చూశారు. నా అతుకు చెక్కుచెదరకుండా ఉంది. తర్వాత తబలా ఆయనతో కలిసి టెంటు సామాను షాపుకు వెళ్ళి, రాత్రి వాడిన ఎక్స్‌టెన్షన్ బోర్డు విప్పించారు. ఎవరో హడావిడిలో తీగలు తారుమారు చేసి బిగించారు. ఎర్త్‌కి వెళ్ళాల్సిన చోట కరెంటు వచ్చే ఫేజు తీగ ఉంది. ఆంప్లిఫయర్ పెట్టె మొత్తం కరెంటెక్కి కూర్చుంది. అక్కడినుంచి నా తీగ ఆ కరెంటును గిటారు దాకా మోసుకొచ్చింది.

"మీ తప్పేముందండీ? చెక్క గిటారైనా తీగలు ఇనుపవేగా, కొట్టి ఉండేది," అన్నాడు తబలా ఆయన.

"చెక్కదైతే తీగల దగ్గరే కొడుతుంది. ఇది ఒళ్ళంతా పట్టుకుంటుంది," అన్నారు మా ఆయన.  

మాస్టారి గిటారు వెంట తెచ్చుకుని విజయవాడ వచ్చాక, మా ఆయన మిగతావి కూడా వెనక్కి తెప్పించి అన్నిటినీ కరిగించేస్తానన్నారు. మంగళగిరి వెళ్ళి ఎనిమిది తీగలదాన్ని తెచ్చేశారు కూడా. నేను అడ్డుపడ్డాను. కరిగించినా, ఆ పందిళ్ళు అలాగే ఉంటాయి, ఆ వానలు అలాగే పడతాయి, వాళ్ళు ఇంకో గిటారు పట్టుకుంటారు. కొన్నాళ్ళు ఆగమని బతిమాలి, వన్‌టౌన్‌లో నాన్న కొట్టుకు వెళ్ళి కూర్చున్నాను.

నేను చుట్టింది చిన్న పెట్టెలో ఇమిడే ఒక ట్రాన్స్‌ఫార్మర్, బోర్డుకీ ఆంప్లిఫయర్‌కీ మధ్య పెట్టేది. ఇనుప రేకుల మీద రెండు చుట్టలు, మధ్యలో దళసరి కాగితం. కరెంటు ఒక చుట్టలోంచి రెండో చుట్టలోకి తగలకుండా దాటుతుంది. ఆంప్లిఫయర్‌కి గోడలో వచ్చే కరెంటుతో నేరుగా ఏ చుట్టరికమూ ఉండదు. బోర్డులో తీగలు తారుమారైనా ఆ ఫేజు ఇవతలికి రాదు. నాన్న రెండుసార్లు విప్పించి మళ్ళీ చుట్టించారు. "కాగితం ఇంకో వరస వెయ్యి. మనిషి ప్రాణమమ్మా," అన్నారు.

షెడ్డు వెనక బోరింగు పంపు దగ్గర పరీక్ష పెట్టాం. పందిట్లో ఉన్నట్టే బోర్డు తీగల్ని తారుమారు చేశారు మా ఆయన. గిటారుకీ పంపు గొట్టానికీ మధ్య ఒక బల్బు కట్టారు. ముందు నా పెట్టె లేకుండా స్విచ్చి వేశారు. పట్టపగలు బల్బు భగ్గున వెలిగింది. మాస్టారి రెండు చేతుల మధ్య ఉన్నది ఆ వెలుగే. తర్వాత నా పెట్టె పెట్టి వేశారు. బల్బులో తీగ కూడా ఎర్రబడలేదు.

"ఇంక బల్బు చాలదు," అన్నాను. బల్బు విప్పేసి, తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడి, ఒక చెయ్యి పంపు మీద వేశాను. మా ఆయన వద్దని ఎంత చెప్పినా వినకపోయేసరికి, ఒక చెయ్యి స్విచ్చి మీదా ఇంకో చేతిలో ఎండు కర్రా పెట్టుకుని నిలబడ్డారు. నా వేలు గిటారు దగ్గరికి పోయింది, వెనక్కి వచ్చేసింది. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చేసింది. వాన తుంపర మొదలైంది. లోపల దువా చదువుకుని అరచెయ్యి మొత్తం ఆనించాను. లోహం చల్లగా ఉంది. ఇంకేమీ లేదు. మా ఆయన స్విచ్చి కట్టేసి, కర్ర పక్కన పడేసి, అక్కడే తడిలో కూలబడ్డారు.

ఎండలు ముదిరాక గిటారూ పెట్టే తీసుకుని గుడివాడ వెళ్ళాం. మాస్టారి అరచేతిలో కడ్డీ ముద్ర తెల్లటి చారగా మిగిలిపోయింది. గిటారును చూడగానే ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. ఆయన భార్య గుమ్మంలోనే నిలబడి, "మీరు మంచివాళ్ళే. కానీ దాన్ని తీసుకెళ్ళిపోండి," అన్నారు.

"అలాగే తీసుకెళ్తాను పిన్నిగారూ. ముందు ఒక్కసారి నన్ను ముట్టుకోనివ్వండి," అన్నాను. పెరట్లో కుళాయి గట్టు మీద కాళ్ళు తడుపుకుని కూర్చుని, నా పెట్టె మీదుగా ఆంప్లిఫయర్ వేయించి, గిటారు ఒళ్ళో పెట్టుకుని, ఇంకో చెయ్యి కుళాయి మీద వేశాను. మాస్టారు నా ముఖం వైపే చూస్తున్నారు.  తర్వాత లేచి వచ్చి, పొయ్యి మీది గిన్నె వేడి చూసినట్టు, చేతి వెనకవైపుతో గిటారును తాకి లాగేసుకున్నారు. మళ్ళీ తాకారు. నా పక్కన కూర్చుని దాన్ని తన ఒళ్ళోకి తీసుకున్నారు.

కడ్డీ వణుకుతూ తీగల మీద టకటకలాడింది. ఒక పాట పల్లవి సగం వరకూ వాయించారు. నుదుటి నిండా చెమట. ఆ సగం దగ్గరే ఆవిడ గబగబా వచ్చి స్విచ్చి కట్టేశారు.

"ఇవాళ్టికి చాలు," అన్నారు.

మాస్టారు మళ్ళీ పెళ్ళిళ్ళకు వెళ్ళలేదు. ఇంట్లో మాత్రం వాయించేవారు. మేం ప్రతి గిటారుతోనూ ఒక పెట్టె చుట్టి ఇస్తూ ఇంకొన్నేళ్ళు పోశాం. తర్వాత ఆర్కెస్ట్రాలన్నిటిలోకీ కీబోర్డులు వచ్చి, రెండు వేల సంవత్సరం దాటాక అడిగేవాళ్ళు లేకుండాపోయారు. మధ్యమధ్యలో గుడివాడ వైపు పని పడితే మాస్టారి ఇంటికి వెళ్ళేవాళ్ళం. ఆయన వాయిస్తున్నంతసేపూ ఆవిడ స్విచ్చి బోర్డు కింద పీట వేసుకుని, బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చునేవారు. వినేవారో లేదో తెలియదు. చేట మీద చూపు నిలిచేది కాదు, ఆయన చేతుల మీదే ఉండేది.