మెంటరు పుస్తకం

సొలొమోను గారు ఇరవై రెండేళ్లుగా విజయవాడ ఇంజనీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్సు చెబుతున్నారు. ఒకప్పుడు ఎవరైనా వారం రోజులు క్లాసుకి రాకపోతే ఉయ్యూరైనా సరే బస్సెక్కి ఇంటికెళ్లి కనుక్కొచ్చిన మనిషి. ఇప్పుడేమో రేపు తనిఖీ అనగా, తనకప్పగించిన ఇరవైమంది పిల్లలతో నెలనెలా మాట్లాడి రాయాల్సిన మెంటరు పుస్తకాన్ని ఒక్క మధ్యాహ్నంలో నింపేస్తున్నారు. నెలకో పెన్ను మారుస్తున్నారు, అనుమానం రాకూడదు మరి! "దిక్కుమాలిన రాతలు" అని విసుక్కుంటూనే, ఉషశ్రీ పేరు కింద ఫిబ్రవరి గడిలో 'మాట్లాడాను, బాగా చదువుతోంది' అని రాశారు.

పక్కనున్న గుమస్తా శ్రీదుర్గ తొంగిచూసింది. "ఆ అమ్మాయి డిసెంబర్లోనే చదువు మానేసిందండీ."

ఆయన పెన్ను ఆగిపోయింది. "అయ్యో, ఎందుకని?"

"నాకేం తెలుసండీ? మెంటరు మీరే కదా."