దేవరకొండ ఖిల్లా మీద గొర్రెపిల్ల

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అందరూ ముందు ఈ మాటే అని, ఆ వెంటనే దయ్యం కథ ఎత్తుకుంటారని మీరు నవ్వుకుంటారు. నవ్వుకోండి, నాకేం నష్టం లేదు. దేవరకొండలో నా నోటికి జడవని భూతవైద్యుడు లేడు. ఎవరింట్లో పిల్లకు గాలి సోకిందన్నా వెళ్లి, ముందు దవాఖానకు తీసుకుపోండని పోట్లాడి వచ్చేవాణ్ని. "గీ పంతులుకు దేవుడు లేడు, దయ్యం లేదు" అని ఊళ్లో అనుకునేవారు. ఆ పేరంటే నాకు లోపల గర్వంగానే ఉండేది.

అవి నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కడుతున్న రోజులు. నేను దేవరకొండ బడిలో చరిత్ర చెప్పేవాణ్ని. ఆనకట్ట పని చూడటానికి హైదరాబాద్ నుంచి వచ్చే పెద్దమనుషులు దారిలో మా ఖిల్లా కూడా చూడాలనేవారు. అలా సెలవు రోజుల్లో నాకొక వ్యాపకం తగులుకుంది. ఖాజా అనే అతనికి పాత కిరాయి కారు ఒకటి ఉండేది. పొద్దున ఖిల్లా ఎక్కించడం, మధ్యాహ్నం గుట్టల నడుమ సద్ది విప్పించడం, సాయంత్రానికి నందికొండ దగ్గర ఎత్తు మీది నుంచి కృష్ణ లోయ చూపించడం. కారు ఖాజా నడిపేవాడు, నోరు నేను నడిపేవాణ్ని.

తొలకరి మొదలైన రోజుల్లో ఒక ఆదివారం మా ఇంటి ముందుకు ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ముందు నిలబడ్డ ముసలామె పేరు ఈరమ్మ. ఒక కాలు ఈడుస్తూ నడుస్తుంది, భుజం మీద మగవాళ్లు కప్పుకునే నల్ల గొంగడి. వెనకాల ఆమె కోడలు చంద్రమ్మ, ఇరవై దాటి ఉంటాయేమో. మక్తల్ దిక్కు నుంచి వచ్చిన కురుమలు, గొర్రెలు కాసుకునేవాళ్లు.

"హైద్రాబాదోళ్లకు గుట్టలన్ని తిప్పి జూపిస్తవంట గదా పంతులూ. మాకు గూడ జూపియ్యి. పుణ్యానికి వద్దు, పొట్టేళ్లనమ్మి వచ్చినం" అంది ఈరమ్మ.

గొర్రెలు కాసేవాళ్లకు ఖిల్లా చూసే సరదా ఏమిటని నాకు నవ్వొచ్చింది. ఆమె సంగతి చెప్పాక ఆ నవ్వు ఆగిపోయింది.

మూడేళ్ల కిందట ఆమె కొడుకు బీరయ్య, తోటివాళ్లతో కలిసి మందను మేపుకుంటూ ఎండాకాలం ఇటు వచ్చాడట. ఎరువు కోసం రైతులు తమ చేలల్లో మందను పండబెట్టించుకుంటారు. అలా చేను చేనూ తిరిగి, తొలకరికి ఇంటికి మళ్లుతుంటే, అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల ఒకటి తప్పిపోయి ఖిల్లా ఎక్కిందట. నల్లపిల్ల, నుదుట తెల్లమచ్చ. దాని చెవికి ఇంకా ఇంటి గుర్తు కూడా కోయలేదు. జోరువానలో బీరయ్య దాని వెంట పైకి వెళ్లాడు. మళ్లీ దిగలేదు. తోటివాళ్లు వెతికితే రెండో దర్వాజా దగ్గర గొంగడి ఒక్కటే దొరికింది. ఈరమ్మ భుజం మీద ఉన్నది ఆ గొంగడే.

అప్పటినుంచి చంద్రమ్మ పెళ్లామూ కాదు, ముండమోపీ కాదు. కులపెద్దలు ఈ ఏడు ఇక దినాలు చేయమన్నారు. చేస్తే పిల్లకు మారుమనువు కుదురుతుంది, అడుగుతున్నవాడు కూడా ఉన్నాడు. కానీ తల్లి ఔననందే ఎవరూ ఏమీ చేయలేరు.

"ఆ జాగ నా కండ్లతోని జూసినంకనే, సచ్చిండని ఒప్పుకునేదో లేదో" అంది ఈరమ్మ. చంద్రమ్మ తల వంచుకుని చేతి గాజులు సవరించుకుంటూ నిలబడింది. ఆ పిల్ల బతుకు ఆ రోజు మా కారెక్కిందని నాకు అర్థమైంది.

ఖాజా ముందు మంద పండిన చేలకు తీసుకెళ్లాడు. ఈరమ్మ ప్రతి చేనులో దిగి, మట్టి తాకి, మళ్లీ ఎక్కింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఖిల్లా మొదటి దర్వాజా దగ్గరికి వచ్చేసరికి సన్నటి తుంపర మొదలైంది. అలవాటు కొద్దీ నేను రాజుల పేర్లు, యుద్ధాలు అందుకున్నాను.

"రాజుల ముచ్చట మాకెందుకు పంతులూ? నా కొడుకు ఏ దిక్కు వోయిండో గది జెప్పు" అంది.

నా పాఠానికి అడ్డం వచ్చినవాళ్లను ఊరికే వదిలే అలవాటు నాకు లేదు. ఆ రోజు మాత్రం పాఠం ఆపి రెండో దర్వాజా దారి చూపించాను.

ఖాజా ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టుకుని ఆమెను ఎక్కించాం. రెండో దర్వాజా దాటాక కూలిన గోడల నడుమ కొంత చదును ఉంది. పైనుంచి మబ్బు దిగి బురుజులు కనబడటం లేదు. ఈరమ్మ ఒక రాయి మీద కూర్చుని ఊపిరి తీసుకుంది. తర్వాత గొంతెత్తి, మందను పిలిచినట్టు పిలిచింది.

గొర్రెలు కాసేవాళ్లలో ఇంటింటికీ ఒక పిలుపు ఉంటుందట. వేరేవాళ్లు పిలిస్తే మంద తలెత్తదు. నాలుక అంగిలికి కొట్టి, చివర గొంతును పైకి లేపి ఆమె పిలిచింది. పై నుంచి అదే పిలుపు తిరిగి వచ్చింది. మగ గొంతు.

చంద్రమ్మ లేచి నిలబడింది. నేను వెంటనే, "అవ్వా, అది ప్రతిధ్వని. గోడలకు తగిలి మన గొంతే మళ్లొస్తది" అన్నాను. నిజమే, వచ్చినవాళ్లతో అక్కడే చప్పట్లు కొట్టించి వినిపించేది నేనే. ఆమె మళ్లీ పిలిచింది. మళ్లీ వచ్చింది. మూడోసారి ఈరమ్మ నోరు తెరవలేదు. చేత్తో నోరు మూసుకుని ఏడుస్తోంది. పిలుపు మాత్రం వచ్చింది.

ఖాజా నా మోచెయ్యి పట్టుకుని, "సాబ్, నేనేమి ఇనలే. నన్నేమి అడగకు" అన్నాడు.

అప్పుడు మబ్బులోంచి గొర్రెపిల్ల దిగి వచ్చింది. నల్లపిల్ల, నుదుట తెల్లమచ్చ. తిన్నగా ఈరమ్మ దగ్గరికి వచ్చి గొంగడి అంచును నోట్లోకి తీసుకుంది. మా దిక్కు గొర్రెలు ఎర్రవి, ఒంటి మీద ఉన్ని ఉండదు. ఇది మక్తల్ దిక్కు ఉన్ని పిల్ల.

ఈరమ్మ దాన్ని ఒళ్లోకి లాక్కుని ఎడమ చెవి చూసింది. కొసన ఒక చీలిక, పక్కన చందమామ ముక్క లాంటి కోత. ఏ గొర్రె ఎవరిదో తెలియడానికి కురుమలు చెవులకు గుర్తు కోస్తారు. ఇది ఆమె ఇంటి గుర్తు. ఇంటి మగవాడే కోయాలి. ఆ ఇంట్లో బీరయ్య తప్ప మగవాడు లేడు.

"జూడు పంతులూ, నెత్తురు ఇంక ఆరలే. నా కొడుకు ఇప్పుడే కోసిండు. ఉన్నడు, నా కొడుకు ఉన్నడు!"

నేను చెవి పట్టుకుని చూశాను. నా వేళ్లకు వెచ్చటి నెత్తురు అంటింది. అబద్ధం చెప్పి నాకు వచ్చేదేముంది? వెచ్చగానే ఉంది.

బీరయ్యా, బీరయ్యా అని అరుస్తూ నేనూ ఖాజా పైదాకా ఎక్కాం. బురుజులు, బావులు, కూలిన కొట్లు అన్నీ వెతికాం. మనిషి లేడు, మంద లేదు, పొయ్యి పెట్టిన మసి లేదు, పెంటిక కూడా లేదు. బురదలో పిల్ల గిట్టల జాడ ఆ చదును నుంచి పైకి కొంతదూరమే ఉంది. ఆ పైన ఏమీ లేదు. వాన కడిగేసిందని నాకు నేను చెప్పుకున్నాను.

మేము దిగి వచ్చేసరికి ఈరమ్మ, పొద్దుగూకేదాకా ఇక్కడే కూర్చుంటా, వాడే దిగివస్తాడు అంటోంది. అంతవరకు పెదవి విప్పని చంద్రమ్మ అప్పుడు మాట్లాడింది.

"అత్తా, నువ్వు నెత్తురు జూస్తున్నవు. పిల్లను జూడు. మూడేండ్ల కిందట తప్పిపోయిన పిల్ల ఇది. ఇయ్యాలటికి రెండు ఈతలు ఈనాలె. ఇంక పిల్లనే ఉన్నది."

ఈరమ్మ పిల్లను గొంగడిలో చుట్టుకుంది. మేము ఆమెను మోసినంత పని చేసి దించాం. నందికొండ చూస్తారా అని అడగడానికి నాకు నోరు రాలేదు. బస్సు దగ్గర దింపుతుంటే కూడా ఆమె, "నా కొడుకు ఉన్నడు పంతులూ" అనే అంటోంది.

మరునాడు బడికి సెలవు పెట్టి మళ్లీ ఖిల్లా ఎక్కాను. చుట్టుపక్కల గొర్రెల కాపరులను అడిగాను. ఆ ఏడు నల్ల ఉన్నిగొర్రెల మంద ఏదీ ఇటు రాలేదన్నారు. చొక్కా అంచుకు అంటిన నెత్తురును మా ఇంట్లోవాళ్లు ఉతికేశారు. మరక మామూలుగానే పోయింది.

కొన్నాళ్లకు మక్తల్ నుంచి కబురు వచ్చింది. తల్లి ఒకటంటోంది, కోడలు ఒకటంటోంది, పెద్దలు కూర్చుంటున్నారు, నన్ను సాక్షిగా రమ్మన్నారు. ఎందుకయ్యా నేను అంటే వచ్చినవాడు, "నువ్వు దయ్యాలు లెవ్వంటవంట గదా. నువ్వు జెప్తెనే నమ్ముతరు" అన్నాడు. ఇన్నాళ్లూ గర్వపడ్డ పేరు నన్ను అలా పట్టుకుంది.

వెళ్లాను. పెద్దల ముందు చూసింది చూసినట్టు చెప్పాను. పిలుపు మగ గొంతేనా అంటే అవునన్నాను. నెత్తురు తడిగా ఉందా అంటే ఉందన్నాను. మరి మనిషిని చూశావా అంటే లేదన్నాను. "అయితే ఉన్నట్టా లేనట్టా?" అని ఒక పెద్దమనిషి విసుక్కున్నాడు. "నాకు తెలిస్తే మీరు నన్ను పిలిచే పనే ఉండకపోయేది" అని నేనూ విసుక్కున్నాను.

అందరూ ఈరమ్మ వైపు చూశారు. ఆమె పక్కన ఆ గొర్రెపిల్ల గడ్డి కొరుకుతోంది. నేను గుర్తుపట్టలేకపోయాను. ఒళ్లు చేసి ఎత్తు పెరిగింది. చెవి కోత మాని గట్టిపడింది. నుదుటి మచ్చ మాత్రం అదే.

ఈరమ్మ దాని వీపు నిమురుతూ చెప్పింది.

"మనకాడికొచ్చినంక పెరుగుతాంది. ఆడ ఉన్నన్ని దినాలు పెరగలే. నా కొడుకు గూడ ఆడ గట్లనే ఉంటడు. ముసలోడు గాడు. ఇంటికి రాడు. వాని పెండ్లాం మాత్రం ఇక్కడ ముసలిదైతాంది. కోడలిపిల్లను మారుమనువుకు పంపుండ్రి."

చంద్రమ్మ అత్త కాళ్ల మీద పడి ఏడ్చింది. దినాలు అయిపోయాయి. వానలు తగ్గాక ఆమెకు మారుమనువు జరిగిందని విన్నాను. ఆ గొర్రెను ఈరమ్మ అమ్మలేదట, కోయనివ్వలేదట.

ఇదీ నాకు జరిగింది. దయ్యమంటే నేను ఒప్పుకోను. కాదంటే, ఆ నెత్తురు ఎక్కడిదో చెప్పలేను. ప్రతిధ్వని అయితే పిలవకముందే ఎలా వచ్చిందో చెప్పలేను.

ఆ తర్వాత కూడా ఎంతోమందిని ఖిల్లా ఎక్కించాను. రెండో దర్వాజా దాటాక రాజుల పేర్లు చెప్పను, ఎవరినీ చప్పట్లు కొట్టనివ్వను. ఇప్పుడు నా తల నెరిసింది. తొలకరి మబ్బు ఖిల్లా మీదికి దిగినప్పుడల్లా, బీరయ్యకు ఇప్పుడు ఎన్నేళ్లుంటాయో అని లెక్క వేయబోతాను. ముసలోడు గాడన్న ఈరమ్మ మాట గుర్తొచ్చి మధ్యలోనే ఆపేస్తాను.