కొత్త కారు కూత

వీధిలో అందరూ మిషనమ్మ అని పిలిచే కుట్టుపని చేసే ఆమె ఇదివరకు రోజూ మధ్యాహ్నం చెల్లెలికి ఫోన్ చేసేది. తోడల్లుడితో పడక భర్త ఆ మాటలు వద్దన్నా ఆమె మానలేదు; భర్త డీజిల్ కారు వీధి మొదట్లోనే దడదడలాడేది. ఫోన్ పెట్టేసి మిషను తొక్కడానికి వ్యవధి ఉండేది. ఇప్పుడు కొన్న బ్యాటరీ కారుకు, మనుషులు తప్పుకోవాలని పెట్టిన సన్నని కూత ఇంటి ముందుకొస్తేగాని వినపడదు. ఒకసారి దొరికిపోయింది. "మళ్లీ దాంతోనేనా ముచ్చట్లు?" అన్నాడు. అప్పట్నుంచి ఆమె పెదాల మధ్య గుండుసూదులు, చెవులు వీధిలో. ఫోన్ ముట్టలేదు.

తల్లి పోయిన నెలకు చెల్లెలే ఫోన్ చేసింది. "అమ్మ చీరొకటి నీకు దాచానక్కా. అమ్మ వాసన ఇంకా పోలేదు."

అంతలో కూత వినబడింది. మిషనమ్మ ఊపిరి బిగబట్టింది.

"బావొచ్చాడా? పెట్టెయ్యనా?"

"వస్తే రానీవే. ఏ చీరో చెప్పు."

బయట హారన్ రెండుసార్లు మోగింది. గేటు తియ్యడానికి ఆమె లేవలేదు.