తెర వెనక బ్యాంజో

అన్నయ్య బ్యాంజో తీశాడంటే అమ్మకి ఒళ్ళు మండేది. "మళ్ళీ మొదలెట్టేడా? ఏట్రా ఆ గోల, సెవులు సిల్లులు పడిపోతన్నాయి!" అని వంటింట్లోంచి కేకలేసేది. బర్మాలో, మా ఊరి బోటాటౌంగ్ రేవులో సరుకులు దించే మా నాన్నకి ఎవరో ఓడవాడు ఇచ్చి పోయిన బ్యాంజో అది. నాన్న పోయాక అన్నయ్య పట్టుకున్నాడు. కాలేజీ నుంచి వచ్చి నాలుగింటికి కూర్చున్నాడంటే వీధి వీధంతా వినాల్సిందే.

ఒక్క బ్యాంజో మీద వాడు మూడు రకాలుగా వాయించేవాడు. బర్మా పాటైతే మీటే చిన్న బిళ్ళతో ఒక్కో తీగనీ సన్నగా వణికించేవాడు. ఓడవాళ్ళ దగ్గర నేర్చిన పాటకి మూడువేళ్ళూ పరుగులు పెట్టేవి. మూడోది మా తాత సొత్తు. అమ్మ తండ్రి శ్రీకాకుళం నుంచి ఇక్కడికి కూలికొచ్చినా, అమ్మవారి సంబరాల్లో జముకుల కథ చెప్పేవాడట. తోలు బిగించిన డబ్బాకి తీగ కట్టి మీటితే అదే జముకు. బ్యాంజోకీ ఉన్నది తోలే కదా అని, అన్నయ్య గోటి వెనకవైపుతో తీగని కిందికి కొట్టి, బొటనవేలితో దానికి బదులు పలికించి, అచ్చం జముకే అనిపించేవాడు.

ఎనభై ఎనిమిది వానాకాలంలో ఊరంతా ఊరేగింపులు, కాల్పులు, కర్ఫ్యూ. సైన్యం గద్దెనెక్కిన వారానికే అన్నయ్య దానిమీద పోరాడ్డానికి స్నేహితులతో సరిహద్దు అడవులకి వెళ్ళిపోయాడు. మా వార్డు పెద్ద పేర్ల జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాడు. చదువుకునే కుర్రాడు ఇంట్లో లేడంటే అడవికి పోయినట్టే. ఇంట్లో మిగిలినవాళ్ళని ఇన్సేన్ జైలుకి తోలుకుపోతారు. అన్నయ్యకి కామెర్లు, లేవలేడు అని మంచానికి తెరకట్టి చూపించాం. ఆయన తెర దాకా రాలేదు గానీ, "మీవాడి వాయింపు వినబడటం లేదేం?" అని బర్మాలో అడిగాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మర్నాడు నాలుగింటికి అమ్మ చేతులు చెంగుకి తుడుచుకుని తెర వెనక్కి వెళ్ళింది. వానకి వదులైన తోలుని కుంపటి సెగకి కాచింది. మరలు బిగించింది.

"నీకేటొచ్చమ్మా?" అన్నాను.

"నోర్మూసుకుని గుమ్మంలో కూకో."

మొదలెట్టింది. బాబోయ్! బిళ్ళతో బర్మా పాట, ఆ వెంటనే మూడువేళ్ళ పాట. ఆఖరికి జముకు దెబ్బ కూడా. అంతటితో అయిందా? మూడువేళ్ళ పాటలో అన్నయ్య ఎప్పుడూ ఒకచోట తీగ తప్పేవాడు. అమ్మ కూడా సరిగ్గా అక్కడే తప్పి, వాడిలాగే విసుగ్గా మొదటికొచ్చి ఎత్తుకుంది! తిట్టినన్నాళ్ళూ ఈవిడ విన్నది ఇంతా? వాడి పక్కనే కూర్చుని విన్న నాకు ఆ మూడింట్లో ఒక్కటీ రాదు. సిగ్గేసింది.

"ఎప్పుడు నేర్చుకున్నావే అమ్మా?"

"మీరు సదువులకి ఎల్లిపోతే ఇంట్లో నాకేటి పని?" అంది, అదేదో పప్పు ఏరినంత తేలిగ్గా.

వార్డు పెద్ద గుమ్మం ముందు ఆగాడు. కాసేపు విని, "ఇన్నాళ్ళయినా ఆ తప్పు దిద్దుకోడేం మీవాడు?" అని నవ్వాడు. "చెప్తాను, ఊలే" అన్నాను. ఊలే అంటే బర్మాలో బాబాయి. జాబితాలో ఏదో గీత గీసుకుని వెళ్ళిపోయాడు.

అలా రెండు నెలలు. ఒక్కరోజు మానలేదు అమ్మ.

ఒక మధ్యాహ్నం, ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో పనిచేసే మనవాడొకడు కూరగాయల సంచితో వచ్చాడు. తలుపేసి, గొంతు తగ్గించి చెప్పాడు. అడవిలో మలేరియా. మందు దొరకలేదు. అన్నయ్యని అక్కడే పాతిపెట్టారు.

అమ్మ గోడకి చేరగిలబడింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నా నోటికి చెంగు అడ్డం పెట్టి గట్టిగా నొక్కేసింది. "ఏడవకే. సెక్కగోడలు, పక్కోలికి ఇనబడిపోద్ది" అంది. తన కంట చుక్క రాలేదు.

నాలుగైంది. అమ్మ లేచింది. వద్దని చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. తెర వెనక మూడు పాటలూ వాయించింది. ఒక్క దెబ్బ తగ్గలేదు. గుమ్మంలో కూర్చోవాలి కాబట్టి కూర్చున్నాను.

ఎదురింటి ముసలమ్మ కిటికీలోంచి తొంగిచూసి, "మీ అన్నకి ఒంట్లో నయమైనట్టుందే?" అంది.

అవునన్నాను.