తలకొరివి వేళకు ఆగిన లైవ్

స్వరూప సిరిసిల్లలో మరమగ్గాల సాంచాల చప్పుడు మధ్య పుట్టింది. ఆమె తండ్రి సత్తయ్య పనిచేసిన కార్ఖానాలో యజమాని ఎక్కువ బట్ట కోసం సాంచాల వేగం పెంచాడు. పోగులు తెగి బట్ట చెడిపోతే తప్పంతా సత్తయ్య నెత్తిన వేసి పనిలోంచి తీసేశాడు. ఆ కుటుంబం బతుకుదెరువుకు మహారాష్ట్రలోని భివండికి వలసపోయింది. పెళ్లయ్యాక స్వరూప కోరుట్లకు వచ్చింది. రెండేళ్లకే భర్త సంజీవ్ దుబాయి పోతే, తానే కెమెరా నేర్చుకుని బస్టాండు వెనక సందులో స్టూడియో పెట్టింది. ఊళ్లో పెళ్లయినా చావయినా గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు లైవ్ పెట్టి చూపించేది ఆమే.

ఆ మే నెలలో పక్క ఊరి లింగన్న చనిపోయాడు. ఒక్కగానొక్క కొడుకు తిరుపతి మస్కట్‌లో ఉన్నాడు. కంపెనీ సెలవు ఇవ్వలేదు.

"అక్కా, మా నాయినను ఆఖరుసారి నువ్వే సూపియ్యాలె. ఒక్క నిమిషం గూడ ఇడువకు" అని ఫోన్‌లో ఏడ్చాడు.

స్వరూప కొత్త కంప్యూటర్‌ను ఆటోలో వేసుకుని పోయింది. అది చలికాలంలో జగిత్యాలలో శ్రీధర్ అనే అతని కంప్యూటర్ల దుకాణంలో కొన్నది. "పెద్ద మెషిన్ లెక్క ఉరుకుతదక్కా" అని అమ్మాడు. శ్మశానం పక్కన రేకుల పందిరి కింద ఇన్వర్టర్‌కు తగిలించి లైవ్ మొదలుపెట్టింది. నిప్పులు కక్కే ఎండ. లింగన్న అన్న కొడుకు కొరివి పట్టుకుని చితి చుట్టూ తిరుగుతుండగా కంప్యూటర్ టక్కున ఆగిపోయింది. మళ్లీ వేసింది. రెండు నిమిషాలకు మళ్లీ ఆగింది. ఫోన్ మోగింది.

"అక్కా, ఏమైంది? అంత నల్లగైంది! అక్కా!"

మూడోసారి బొమ్మ వచ్చేసరికి చితి మీద మంటలు తప్ప ఏమీ లేవు. లింగన్న భార్య సమ్మవ్వ మెల్లగా దగ్గరికి వచ్చింది.

"నా కొడుకు సూసిండా బిడ్డా?"

స్వరూప తల వంచుకుని వైర్లు చుట్టసాగింది.

ఇంటికొచ్చి ముందు ఇన్వర్టర్‌ను అనుమానించింది. దానికి పాత కంప్యూటర్ తగిలిస్తే నిక్షేపంగా నడిచింది. కొత్తదాని డబ్బా విప్పి చూసింది. ప్రాసెసర్ మీద అరచేతిలో పట్టేంత ఫ్యాన్. కాసేపు నడిపి ఫ్యాన్ కింది రేకు ముట్టుకుంటే వేలు చుర్రుమంది. సెట్టింగుల్లో చూస్తే ప్రాసెసర్ వేగం దాని అసలు వేగం కంటే చాలా ఎక్కువ పెట్టి ఉంది. ఆ వేగానికి అది తట్టుకోవాలని వోల్టేజ్ కూడా పెంచి ఉంది. వోల్టేజ్ ఒక్కటే తగ్గించి చూసింది, బొమ్మ బిగుసుకుపోయింది. వేగం, వోల్టేజ్ రెండూ తగ్గిస్తే తలుపులు మూసిన గదిలో కూడా మధ్యాహ్నమంతా నడిచింది. అప్పుడు ఆమెకు ఒళ్లు మండిపోయింది. అతని కళ్ల ముందే ఆగేలా చూపించాలని శ్రీధర్ పెట్టిన అంకెలే మళ్లీ పెట్టి, తెల్లారి పొద్దున్నే కంప్యూటర్‌తో బస్సెక్కింది.

జగిత్యాల దుకాణంలో ఏసీ చల్లగా ఉంది. నలుగురు గిరాకీలున్నారు.

"మీ ఊర్ల కరెంటు వోల్టేజ్ సక్కగుండదక్కా, గందుకే" అన్నాడు శ్రీధర్ ఆమె చెప్పింది విని, తల ఎత్తకుండానే.

"బయటి వోల్టేజ్ ముచ్చట కాదు. లోపల నువ్వు పెంచిన వోల్టేజ్ ముచ్చట చెప్పు!"

అతను తలెత్తాడు. "పెంచితేనే గదా అక్కా స్పీడు. ఈడ నడిపి సూసే ఇచ్చిన."

"ఏసీల కూసోని సూసినవ్. నేను ఏసీ ఏసుకొని శ్మశానానికి పోవాల్నా? ఎక్కువ వోల్టేజ్ ఇస్తే ఎక్కువ కాగుతది. గంత కాకను గీ బుడ్డ ఫ్యాన్ ఎట్ల ఆపుతది? అద్దాల తలుపు తీయి. ఏసీ బందు జెయ్యి. ఈడ్నే నడుపు!"

శ్రీధర్ కదలలేదు. స్వరూప తానే ఏసీ ఆపి, కంప్యూటర్‌ను గుమ్మంలో ఎండకు పెట్టి వీడియో మిక్సింగ్ మొదలుపెట్టింది. గిరాకీలు చుట్టూ మూగారు. పావుగంట కూడా కాకముందే అది చప్పున ఆరిపోయింది.

"పైసలు వాపసిస్త అక్కా, లొల్లి జెయ్యకు."

"పైసలెవలికి గావాలె? తిరుపతికి ఫోన్ చేస్తున్న. ఏం జేసినవో నువ్వే చెప్పు."

శ్రీధర్ ఫోన్ తీసుకుని నీళ్లు నమిలాడు. "అన్నా... గా మెషిన్ స్పీడు నేనే పెంచిన... ఎండకు ఆగిపోయిందట..."



"ఇప్పుడు జెప్తున్నవా? మా నాయినను మళ్ల కాల్సుమంటవా?" అని తిరుపతి ఫోన్ పెట్టేశాడు.

శ్రీధర్ మాట్లాడకుండా పెద్ద ఫ్యాన్ బిగించాడు. వేగం, వోల్టేజ్ మాత్రం స్వరూప అతన్ని ముట్టనివ్వలేదు. తానే అసలు అంకెలకు దించింది. చాయ్ తెప్పిస్తే తాగకుండా లేచింది. డబ్బాను ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నా కోపం దిగలేదు. అది శ్రీధర్ ఒక్కడి మీదే కాదు, తన మీద కూడా.

కోరుట్లలో దిగి స్టూడియోకు పోకుండా నేరుగా పక్క ఊరికి, సమ్మవ్వ ఇంటికి పోయింది.

"సూడలేదవ్వా నీ కొడుకు. అమ్మెటోని మాట నమ్మి, ఎండల ఒక్కసారన్న నడిపి సూడకుంట తెచ్చిన."

సమ్మవ్వ ముఖం గోడవైపు తిప్పుకుంది. "పో బిడ్డా. నా ముంగట ఉండకు."

స్వరూప పోలేదు. గడప అవతలే కూర్చుండిపోయింది.