ఇంట్లో చెప్పి వచ్చినారా?

అరవైల మొదట్లో ఒక ఉదయం ఇందుకూరుపేట దాటి, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పడవల రేవులో బస్సు దిగాను. అవతలి ఊరికి పోయే తెరచాప పడవ సిద్ధంగా ఉంది. ముందురోజు నా భార్య మీద చేయి చేసుకున్నాను. తెల్లవారగానే ఆమెతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వచ్చేశాను.

పడవ ఎక్కబోతుంటే దాన్ని నడిపే ముసలాయన అడిగాడు. "ఇంట్లో చెప్పి వచ్చినారా సామీ?"

చెప్పానని అబద్ధమాడి ఎక్కి కూర్చున్నాను.

తెడ్డు దగ్గరున్న తన తమ్ముణ్ణీ ఆయన అదే అడిగాడు. అతను తల దించుకున్నాడు.

"పెళ్ళాంతో పోట్లాడి వచ్చినావు గదా. పోయి మాట్లాడి రా. అట్టా వచ్చినోణ్ణి నేను రేవు దాటించను."

"వదిన నీతో మాట్లాడతా ఉందా అన్నా?"

"ఆమె మాట్లాడదు, నేనే మాట్లాడతా. నువ్వు పోరా."

పడవలో అందరూ నవ్వారు. అరగంట ఆలస్యమైనా ఎవరూ విసుక్కోలేదు. ఖాళీ చేతులతో వెళ్ళినవాడు సద్దిగిన్నె పట్టుకుని తిరిగొచ్చాడు.

నేను లేచి నిలబడ్డాను. "నేనూ చెప్పి రాలేదు," అన్నాను.

ముసలాయన చేయి అందించి కిందికి దించాడు. "బస్సు ఇంకా ఆడనే ఉంది సామీ. పడవ రేపు కూడా పోతాది," అన్నాడు.

ఇల్లు చేరేసరికి నా భార్య వాకిట్లో చేటలో బియ్యం ఏరుతూ ఉంది. తలెత్తలేదు. ఎదురుగా నేలమీద కూర్చుని, నేను చేసింది తప్పని చెప్పాను. ఆమె ఇంకొన్ని రాళ్ళు ఏరి పారేసి, చేటను కొద్దిగా నా వైపు జరిపింది.