చుట్టాల కోసం నింపిన బోరు

2023 ఎండాకాలం, ఆదిలాబాద్ జిల్లా, బోథ్ వైపు ఒక ఊరు. ఆ ఎండకు నా నీడ కూడా జీపు దిగనని మొరాయించింది. నమ్మలేదు కదా? మంచిది. ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పే మనిషినని ముందే ఒప్పుకుంటున్నాను. నీళ్ళ లోతు ఒక్కటి మాత్రం టేపు చూపినంతే రాస్తాను.

ఇరవై ఏళ్ళకు పైగా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పీజోమీటర్లు కొలుస్తున్నాను. పీజోమీటర్ అంటే తోడుకోవడానికి కాక, భూమిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చూడటానికి వేసిన బోరు. మూత తీస్తాను, టేపు వదులుతాను, అంకె రాస్తాను, మూత పెడతాను. ఇన్నేళ్ళు వదిలిన టేపంతా ముడివేస్తే పాతాళానికి పోయి తిరిగి రావచ్చు. పైన మాత్రం అవే బిందెలు, అవే వరుసలు. నీటి కష్టాలు తీరుస్తామని దిగిన విదేశీ బృందాలకు గొడుగు పట్టీ పట్టీ నా కుడిచెయ్యి ఎడమచేతికన్నా జానెడు పొడుగైంది.

ఆ ఏడు నెదర్లాండ్స్ నుంచి మార్తా అనే ఇంజనీరు వచ్చింది. వాళ్ళకు నీళ్ళు ఎక్కువై కష్టం, మనకు లేక కష్టం. కలిసి ఆలోచిస్తే రాబోయే తరాలకు పనికొచ్చే ఉపాయం దొరుకుతుందని ఆ ప్రాజెక్టు. బోరు ఎండి, నేల నీళ్ళు తాగే ఊరు ఒకటి ఎంచుకుని రీఛార్జ్ షాఫ్ట్ తవ్విస్తారు. అంటే వాననీటిని నేరుగా భూమి లోపలి పొరల్లోకి దింపే గుంత. ముందుగా బోరులో డేటా లాగర్ అనే కొలత మిషను వేలాడదీస్తే, నీటిమట్టం గంటగంటకూ మార్తా కంప్యూటరుకు చేరుతుంది.

లాగర్ దింపే రోజు మూత తీసి టేపు వదిలాను. వారం కింద అడుగుదాకా ఎండిన బోరు నిండుగా ఉంది. ఊళ్ళో ట్యాంకరు వరుస చూసుకునే సోంబాయిని పక్కకు పిలిచాను.

"అక్కా, గీ బోరు ఎట్ల నిండింది?"

"నింపినం సారూ. పొద్దుగాల తాగే నీళ్ళ ట్యాంకరు సగం పోసినం."

"ఎందుకు?"

"గంత దూరంకెల్లి చుట్టాలొస్తుంటే ఎండిన బోరు చూపెడ్తమా? ఇజ్జత్ పోదా?"

"ఎండిందే చూడనీకి వచ్చిండ్రక్కా!"

"గా ముచ్చట ముందుగాల చెప్పద్దా? ఇన్నేండ్ల సంది వస్తరు, మూత తీస్తరు, ఏందో రాస్కుంటరు, పోతరు. ఎన్నడన్న ఎందుకని చెప్పిండ్రా?"

మార్తాకు అప్పుడే చెప్పాల్సింది. చెబితే ఇంకో రోజు మళ్ళీ ఈ ఎండలోకి రావాలి. నోరు మూసుకుని లాగర్ దింపించాను.

వారం తర్వాత ఆదిలాబాద్‌లో మీటింగ్. ఊరి తరఫున సోంబాయిని కూడా పిలిచారు. మార్తా తెరమీద గ్రాఫ్ చూపింది. మొదట నిండుగా ఉన్న గీత, రెండు రోజుల్లో అడుగుకు జారిపోయింది. ఎవరూ తోడని బోరులో అలా జరగదు, లాగర్ చెడిపోయి ఉంటుంది, ఈ ఊరి లెక్క నమ్మలేం, వదిలేద్దాం అంది.

"ఏమంటుంది సారూ?" వెనక నుంచి సోంబాయి.

"మిషిన్ ఖరాబైందంట, మీ ఊరిని తీసేస్తదంట."

నేను లేచాను. నా గొంతుకు కిటికీ అద్దాలు వణికాయి. "మేడం, ఆ నీళ్ళు భూమివి కావు, ట్యాంకరువి!" అన్నాను.

మార్తా కోప్పడలేదు. ఎన్ని నీళ్ళు, ఎన్నింటికి పోశారని అడిగి రాసుకుంది. బోరులో నీళ్ళు పోసి, నేల ఎంత త్వరగా తాగుతుందో చూడటాన్ని స్లగ్ టెస్ట్ అంటారు. మేం కావాలని చేసే ఆ పరీక్షను ఊరు మర్యాద కోసం చేసింది. మార్తా సరైన కొలతలతో మళ్ళీ చేయించింది. అక్కడి నల్లరాయి పగుళ్ళు నీళ్ళను బాగానే తాగుతున్నాయని తేలింది.

షాఫ్ట్ తవ్వడానికి మాత్రం రెండేళ్ళు పట్టింది. ఆ ఫైలు తిరిగినంత నేను కూడా తిరగలేదు. ఇప్పుడు ఎండాకాలం మొదట్లో టేపు కొస తడుస్తోంది. ట్యాంకరు మానలేదు, కాస్త ఆలస్యంగా వస్తోంది, అంతే. నేను మాత్రం మూత తీసేముందు ఎవరినైనా పిలిచి, ఎందుకు కొలుస్తున్నానో చెబుతున్నాను.

ఇక కల్పించిన సంగతి. అద్దాలు వణకలేదు. నేను లేవనూ లేదు. లేచింది సోంబాయి. లాగర్ చెడిపోలేదని ఆమెకు తెలుసు. నిజం చెబితే మోసం చేశారని ఇక ఏ ప్రాజెక్టులోనూ ఊరి పేరు రాయరేమోననే భయమూ ఉంది. అయినా "మేమే పోసినం బాయీ, మిషిన్ మంచిగనే ఉంది" అని మార్తా ముఖం చూసి చెప్పింది. ఆ మాటను ఇంగ్లీషులో చెప్పడమే నేను చేసిన పని. అదీ కుర్చీలోంచి లేవకుండానే.